ఎడమ చెయ్యి ఎత్తితే చాలు

గడ్డం కింద పట్టీ బిగించి, పై పళ్ళు కింది పళ్ళ మీద కూర్చున్నాక మనిషికి మిగిలేవి కళ్ళూ ముక్కూ చెవులూ, ఓపికుంటే కాస్త బుద్ధీ. కైసా నియెమికి ఇది పన్నెండో రోజు. తలుపుకి ఎదురుగా, మోకాళ్ళు తలుపుకి జానెడు దూరంలో పెట్టుకుని, కర్ర కుర్చీలో నిటారుగా కూర్చుంది. తలుపు నెత్తి మీద ఇనప కొక్కెం, కొక్కేనికి కప్పీ, కప్పీ మీంచి తాడు. తాడుకి ఈ చివర తన తల, ఆ చివర పన్నెండు పౌన్ల నీళ్ళ సంచి. సంచి కిందికి లాగుతుంటే తల పైకి లేస్తుంది, మెడలో అయిదో ఎముకా ఆరో ఎముకా ఒకదాన్నొకటి వదులుతాయి, మధ్యలో నలిగిన డిస్కుకి కాస్త ఊపిరాడుతుంది. ఫిజియోథెరపీ పిల్ల బొమ్మ గీసి మరీ చెప్పింది. రోజుకి ఇరవై నిమిషాలు, మధ్యలో లేవకూడదు, తప్పనిసరైతే వెన్నలోంచి వెంట్రుక తీసినంత నెమ్మదిగా లేవాలి. నాలుగో రోజు పైన కాఫీ పొంగిన వాసన వచ్చి గభాల్న లేచింది. కుడి భుజం రెండు రోజులు నిప్పులు పోసినట్టు మండింది. అప్పట్నుంచీ ఇల్లు తగలబడినా సరే గడియారం గంట కొట్టాకే లేస్తానని ఒట్టు పెట్టుకుంది. గడియారం వెనక బల్ల మీద ఉంది, టమాటా ఆకారంలో, గుడ్లు ఉడికించేటప్పుడు తిప్పిపెట్టేది. కనబడదు, టిక్కుటిక్కుమని వినబడుతుంది. కనబడేది తలుపొక్కటే. ఇంట్లో మిగతా తలుపులన్నీ లోపల డొల్లవి, కొక్కెం తగిలిస్తే వంగిపోయాయి. ఇదొక్కటే నాన్న చేసింది, నేలమాళిగలో ఆవిరి స్నానాల సౌనాకి ముందున్న బట్టల గది తలుపు. రెండంగుళాల మందం, ఎనిమిది పలకలు, పలకల్లో పద్నాలుగు ముళ్ళు, కొమ్మ మొలిచిన చోట మిగిలే నల్లటి గుండ్రాలు. పన్నెండు రోజులుగా వాటినే లెక్కపెడుతోంది. పద్నాలుగోది ఒకరోజు పదమూడోదవుతుంది, అంతే తేడా.

మెట్ల మీద అడుగులు. ఆర్వో. మొగుడి అడుగులు వేరే చెప్పాలా, ముప్ఫై ఏళ్ళు కౌంటీ వాళ్ళ మంచు తోసే బండి తోలిన మనిషి ఇంట్లో కూడా మంచులో నడిచినట్టే నడుస్తాడు. ఎడమ చెవి ఆ బండి మోతకే అర్పించాడు, అందుకని తలుపు అవతల కుడి చెవి ఆనించి నిలబడతాడు. చొక్కా బొత్తాం చెక్కకి రాసుకున్న చప్పుడు.

"కైసా! ఉన్నావా, వేలాడుతున్నావా?"

రోజూ ఇదే హాస్యం. మొదటి రోజు నవ్వొచ్చింది, నవ్వితే పట్టీ దవడని కోసింది, ఆ తరవాత నవ్వడం మానేసింది.

"మీ పళ్ళ డాక్టరు ఫోన్ చేశాడు, మన వంతెన కింది భూతం. సోమవారం నువ్వొస్తున్నావా లేదా అని. రాకపోతే నీ కుర్చీ ఆ పిల్లకి, మెకెన్నాకి, ఖాయం చేసేస్తాట్ట. ఇంక ఆగలేను అంటున్నాడు. పావుగంటలో మళ్ళీ చేస్తాడు." గొంతు తగ్గించాడు, చెవిటి మనిషి గొంతు ఎంత తగ్గుతుందో అంత. "నన్నడిగితే రాదని చెప్పేస్తాను. చాల్లే కైసా. ముప్ఫై ఒక్కేళ్ళు వంగావు ఊరి జనం నోళ్ళలోకి. ముందు మెడ నిలబడనీ. ఏమంటావ్?"

ఏమంటుంది. నోరు కట్టేసిన మనిషిని ఏమంటావని అడిగేవాణ్ణి ఏమనాలి. నా కుర్చీ, నా దీపం, నా కిటికీ, ఆ కిటికీలోంచి కాలవ, కాలవ మీద పడవలకోసం పైకి లేచే వంతెన, దాన్ని నువ్వెవడివిరా ఫోన్లో వదిలేయడానికి! కోపం ఒక్కసారి తలకెక్కేసరికి తల పట్టీలోనే అదిరింది, మెడలో ఏదో కలుక్కుమంది, బిగిసిన పళ్ళ సందుల్లోంచి గాలి సర్రున లోపలికి పోయింది.

"యో అన్నావా? మంచిది, అలాగే చెప్తాను," అన్నాడు ఆర్వో. గొంతులో బరువు దిగిపోయిన సంతోషం. అడుగులు మెట్లెక్కి వెళ్ళిపోయాయి.

యో అనలేదు, ఔననలేదు. అనలేదు! కానీ ఎవరికి చెప్పాలి, ఈ ఊళ్ళో ఔననడానికి నోరు తెరవనక్కర్లేదు, గాలి లోపలికి పీలిస్తే చాలు. అమ్మమ్మ అలాగే అనేది, చేతిలో అల్లికలు, తల ఎత్తకుండా, కాఫీ కావాలా అమ్మమ్మా, సర్రున ఒక పీల్పు. అమ్మ అలాగే. చర్చిలో వీణ్ణి పెళ్ళాడతావా అని పాస్టరు అడిగినప్పుడు తనూ ముందు గాలే పీల్చింది, ఆయన నవ్వి, దేవుడికి వినబడింది గానీ చుట్టాలకి వినబడలేదమ్మా, గట్టిగా చెప్పు అన్నాడు. డాక్టర్ హాలోరన్ కొత్తగా దిగినప్పుడు, పెద్ద వంతెనకి దక్షిణాన పుట్టిన మనిషి, అటువాళ్ళని ఇక్కడ వంతెన కింది భూతాలంటారు, పాపం, పేషంట్లు సర్రుమని గాలి పీలిస్తే నొప్పి అనుకుని చేతిలో పని ఆపేసేవాడు. నొప్పి కాదు డాక్టరుగారూ, వాళ్ళు ఔనంటున్నారు, కానివ్వండి, అని తనే పాఠం చెప్పింది. ఇరవై ఏళ్ళయింది. ఇప్పుడు తన నొప్పిని తన మొగుడు ఔను అనుకుని వెళ్ళాడు. ఎవరికి చెప్పుకున్నా నవ్వుతారు, తనైనా నవ్వేదే, దవడ ఖాళీగా ఉంటే.

టిక్కు టిక్కు టిక్కు. ఎన్ని నిమిషాలయింది. నాలుగా. అయిదా. ముక్కు పక్కన దురద. చెయ్యెత్తి గోక్కోవచ్చు, చెయ్యెత్తితే భుజం కదుల్తుంది, భుజం కదిలితే తాడు ఊగుతుంది, తాడు ఊగితే సంచిలో నీళ్ళు బుడుక్కుమంటాయి. దురదే నయం. నిటారుగా కూర్చో కైసా. అమ్మ గొంతు. బల్ల దగ్గర అన్నం తింటుంటే వెనక నుంచి వచ్చి రెండు భుజాల మధ్య వేలితో పొడిచేది. నిటారుగా, కొక్కెంలా ఏంటా కూర్చోడం. ఇదిగో అమ్మా, కూర్చున్నాను, కొక్కేనికే కూర్చున్నాను, చూసుకో. పెళ్ళయి పాతికేళ్ళయినప్పుడు కేకు కోస్తున్న ఫోటోలో అందరి తలలూ భుజాల మీద ఉన్నాయి, తన తల మాత్రం ఒంటికంటే ముందు కేకు దగ్గరికి చేరింది. ఆ ఫోటో ఫ్రిజ్ మీద చాలా రోజులుంది, ఒకరోజు తీసి అడుగు అరలో దాచింది. వంగితేనే గదా నోట్లో కనబడేది. వెనక దంతాల లోపలి వైపు, నాలుక పక్కన, అక్కడ గార పట్టేది చిగురు కింద, అద్దంలో చూసి గీకొచ్చు, చిన్నప్పుడు కాలేజీలో అలాగే నేర్పారు, కానీ అద్దంలో చూస్తే చేతికి నమ్మకం కుదరదు. తల వంచి స్వయంగా చూస్తేనే. కుడికి వంచి, కిందికి వంచి, రోజుకి ఎనిమిది నోళ్ళు. మెకెన్నా వంగదు. దానికి గుర్రపు జీను లాంటి ముక్కాలి పీట ఉంది, కళ్ళద్దాలకి బుల్లి దూరదర్శినులున్నాయి, నిటారుగా కూర్చునే నోటి అడుగు దాకా చూస్తుంది. ఇరవై ఆరేళ్ళు. వెన్ను చూస్తే ఇస్త్రీ చేసినట్టుంటుంది. పాపం మంచి పిల్లే. ఆ మంచితనమే ఒళ్ళు మండిస్తుంది, కైసా ఆంటీ, మీ గార గీకే కొక్కేలు నేను పదును పెట్టి ఉంచానండీ, అంటుంది. నా కొక్కేలు నువ్వెందుకు ముట్టుకున్నావే!

అరిచినా ఇదే మూలుగు బయటికొస్తుంది, మ్మ్, మ్మ్, అంతే. తన కుర్చీలో పడుకున్నవాళ్ళంతా ఇలాగే. వాళ్ళ నోట్లో రెండు చేతులు పెట్టి మరీ అడిగేది తను, పిల్లలెలా ఉన్నారు, ఈసారి పైకప్పు మీద మంచు తోశారా, కొత్త పాస్టరు ఎలా ఉన్నాడు. మ్మ్. మ్మ్ మ్మ్. తను అన్నిటికీ అర్థం చెప్పుకునేది. జవాబు రాదని తెలిసే అడగడం, అందులో ఒక సుఖముంది, అవతలివాడు కాదనలేడు. ఛ. ఇన్నాళ్ళూ తట్టలేదు. అందుకే ముందే చెప్పేది, ప్రతి మనిషికీ, కుర్చీ వెనక్కి వాల్చేముందు, చంటిపిల్లలకీ ముసలివాళ్ళకీ ఒకే మాట: నొప్పి అనిపిస్తే ఎడమ చెయ్యి ఎత్తండి, చాలు, ఆపేస్తాను. ఎడమ చెయ్యే ఎందుకంటే కుడి పక్క తను ఉంటుంది, కుడి చెయ్యెత్తితే కొక్కేనికి తగుల్తుంది. ఆర్వో కూడా అలాగే ఎత్తాడు. ఇరవై తొమ్మిదేళ్ళ క్రితం, మార్చి నెలే, బూట్లకి ఉప్పు, గడ్డంలో కరుగుతున్న మంచు, భుజాలు కుర్చీలో పట్టలేదు. సగంలో ఎడమ చెయ్యి లేచింది. వెంటనే ఆపింది. నొప్పిగా ఉందా, అని అడిగింది. లేదు, శనివారం మా ఇంట్లో సౌనాకి వస్తావేమోనని, అన్నాడు, నోట్లో దూది పెట్టుకుని. పక్క గదిలో పాత డాక్టరు నవ్విన నవ్వు ఇప్పటికీ చెవిలో ఉంది. ఆ తరవాత ఇంట్లో ఏ గొడవ జరిగినా, అతను చెయ్యెత్తితే తను నొప్పిగా ఉందా అనాలి, అంటే నవ్వు రావాలి, గొడవ అక్కడితో సరి.

ఇప్పుడు ఎత్తనా. ఎత్తింది. ఎడమ చెయ్యి మెల్లగా భుజం దాకా, చెవి దాకా లేచింది. ఎదురుగా పద్నాలుగు ముళ్ళ తలుపు. చూసేవాళ్ళెవరూ లేరు. చెయ్యి గాలిలో అలా ఉండిపోయింది, ఎంత బరువు, చెయ్యి ఇంత బరువుంటుందా. ఎంతసేపు ఎత్తి ఉంచి ఉంటుంది ఆవిడ.

వద్దు, అది వద్దు. టమాటా గడియారం గురించి ఆలోచించు. దాన్ని హాంకాక్ బజార్లో చర్చివాళ్ళ అమ్మకంలో కొన్నది. పైకప్పు మీంచి మంచు జారుతోంది, ధబ్బు, కిటికీ కింద పడింది. ఎండొచ్చినట్టుంది. సౌనా రాళ్ళు చల్లగా ఉన్నాయి, రేపు శనివారం, ఆర్వో మధ్యాహ్నానికే పొయ్యి వెలిగిస్తాడు, బర్చ్ కట్టెలు, ఆ వాసనలో మెడ కాస్త వదులవుతుంది. సౌనా తరవాత కాఫీ, కాఫీతో యాలకుల రొట్టె. యాలకుల రొట్టె. ఇర్మా టోలొనెన్ తెచ్చిన రొట్టె ఇంకా ఫ్రిజ్‌లోనే ఉంది, గుడ్డలో చుట్టినట్టే ఉంది, ఇద్దరిలో ఎవరూ ముట్టుకోలేదు. ఆర్వో ఒకటి రెండుసార్లు తీసి, ఏం తినవేం, ఇర్మాది కదా, అన్నాడు. మెడ నొప్పి, నమలలేను, అంది. ఆ అబద్ధం కూడా ఎంత తేలిగ్గా వచ్చింది!

ఇర్మా టోలొనెన్‌కి ఎనభై మూడు. బళ్ళో వంటావిడ, ఈ ఊళ్ళో నలభై దాటినవాళ్ళందరూ ఆవిడ చేతి అన్నం తిన్నవాళ్ళే, తనూ తిన్నది. సెలవు పెట్టకముందు ఆఖరి రోజు, మంగళవారం, మధ్యాహ్నం మూడింటికి. కుర్చీ వాల్చింది. ఎడమ చెయ్యి ఎత్తితే చాలు ఇర్మా గారూ. ఆవిడ గాలి పీల్చింది. కిందివరస, కుడివైపు ఆఖరి దంతం. కొక్కెం పెట్టింది. కుడి చేతి బొటనవేలూ చూపుడువేలూ కొక్కేన్ని పట్టుకున్నాయి, పట్టుకున్నాయని కళ్ళకి కనబడుతోంది, వేళ్ళకి మాత్రం ఆ సంగతి తెలియదు. గారని గీకితే ఒకరకంగా గరగరమంటుంది, పన్నుని గీకితే నున్నగా జారుతుంది, చిగురయితే మెత్తగా దిగుతుంది, ముప్ఫై ఒక్కేళ్ళు ఆ తేడా చెప్పింది కళ్ళు కాదు, వేళ్ళే. ఆ రోజు గరగర లేదు, నునుపు లేదు, మెత్తన లేదు. ఉన్ని తొడుగు వేసుకుని సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు. గీకింది. ఇంకాస్త నొక్కి గీకింది. ఏమీ చెప్పడంలేదేం వేళ్ళు అని ఇంకాస్త. ఏదో కబురు చెబుతోంది తను, మంచు గురించే కాబోలు. అప్పుడు గుడ్డ మీద ఎరుపు చూసింది, కాస్త కాదు, గుడ్డంతా. తలెత్తితే ఆవిడ ఎడమ చెయ్యి పైకి లేచి ఉంది. సన్నటి చెయ్యి, వణుకుతోంది, ఎంతసేపటి నుంచీ ఉందో. ఆపేసింది, ఆపేసింది వెంటనే, దూది పెట్టింది, నొక్కి పట్టుకుంది. నోరు పుక్కిలించి ఇర్మా ఏమంది? నాదే తప్పు తల్లీ, కదిలుంటాను. కదల్లేదు. పలకలా పడుకుంది ఆవిడ. చార్టులో ఏం రాసింది తను? చిగుళ్ళ వాపు వల్ల రక్తస్రావం. చక్కటి చేతిరాతతో, ఎడమ చేత్తో కాగితం ఒత్తిపట్టి, కలం జారకుండా పిడికిలితో పట్టుకుని రాసింది. ఆ మర్నాడు మెడ నొప్పని సెలవు చీటీ పంపింది. మూడో రోజు ఇర్మా రొట్టె పట్టుకుని ఇంటికే వచ్చింది, నీ మెడ ఎలా ఉందమ్మా అని అడగడానికి.

మెడ. అందరూ మెడే అంటున్నారు. ఫిజియోథెరపీ పిల్ల అడిగింది, వేళ్ళలో స్పర్శ తెలుస్తోందా అని. అప్పుడప్పుడూ తిమ్మిరి, అంది. అప్పుడప్పుడా, ఎక్కువా? అప్పుడప్పుడే. పరీక్ష చేస్తుంటే కళ్ళు పూర్తిగా మూసుకోలేదు, రెప్పల కిందనుంచి చూస్తూ ఇక్కడ, ఇప్పుడు, ఇక్కడ, అని చెప్పేసింది, తరగతిలో పక్కవాడి పలకలోకి చూసి రాసినట్టు. డాక్టరుకి చెప్పలేదు. ఆర్వోకి చెప్పలేదు. క్రిస్మస్ ముందు పొద్దున్న చొక్కా బొత్తాం పెట్టుకోబోతే బొత్తాం దొరకలేదు, వేళ్ళ మధ్యే ఉంది, దొరకలేదు. ఆ రోజునుంచీ బొత్తాల్లేని, మెడదాకా కప్పే ఊలు చొక్కాలే వేసుకుంటోంది. ఆర్వో, బాగుంటావే వాటిలో, అన్నాడు. పాపం ఆర్వో!

ఈ పన్నెండు రోజులూ పన్నెండు పౌన్ల నీళ్ళకి తల తగిలించుకుని ఏం కోరుకుంది. సోమవారానికి వేళ్ళు తిరిగి రావాలని. వస్తే చార్టులో రాసిన మాట దానంతటదే నిజమైపోతుందన్నట్టు. రాలేదు. ఇప్పుడు కూడా ఒళ్ళో కుడి చెయ్యి ఎవరిదో పరాయి చెయ్యిలా పడి ఉంది. మరి సోమవారం వెళ్తుందా. వెళ్తుంది, వెళ్ళి ఇంకొకళ్ళ చిగురు మీద పెడుతుంది కొక్కెం, ఇంకో చెయ్యి లేస్తుంది, తను ఇంకేదో కబురు చెబుతూ ఉంటుంది. వెళ్ళకపోతే? ఆర్వో రాదని చెప్పేస్తాడు, మెడ నొప్పి, పాపం ముప్ఫై ఒక్కేళ్ళు వంగింది అని, డాక్టరు కేకు కోయిస్తాడు, మెకెన్నా ఏడుస్తుంది, ఇర్మా ఇంకో రొట్టె చేసి తెస్తుంది. చార్టు చార్టులాగే ఉండిపోతుంది. ఎవరికీ తెలియదు. తలెత్తుకుని ఇంటికి రావచ్చు. ఎంత తేలిక. అంత తేలిక గనకనే, ఒళ్ళు చల్లబడింది కైసాకి, ఆ పీల్చిన గాలి నొప్పి వల్ల పీల్చినదేనా? ఊరందరి పీల్పులూ విని, ఇది నొప్పి ఇది ఔను అని వేరుచేసి చెప్పగలిగే తను, తన పీల్పేదో తను చెప్పలేకపోతోంది. ఆర్వో సరిగ్గానే విన్నాడేమో. తన నోటితో చెప్పకుండా, తన చెయ్యి ఎత్తకుండా, ఎవరో ఒకరు తనని అక్కణ్ణించి లేపేస్తే బాగుండునని, ఈ తలుపు వెనక, ఈ పట్టీలో నోరు కట్టుకుని, తనే కూర్చుందేమో.

పైన ఫోన్ మోగింది.

ఒకసారి. రెండుసార్లు. ఆర్వో అడుగులు వంటింట్లోకి. టమాటా టిక్కుటిక్కుమంటూనే ఉంది, ఇంకా ఆరో ఏడో నిమిషాలుంటాయి. కైసా లేచింది. ఒట్టు సంగతి గుర్తుంది, మంట సంగతి గుర్తుంది, అందుకని మోకాళ్ళ మీద బరువేసి కొంచెం కొంచెంగా లేచింది, తల పైకి పోతున్నకొద్దీ సంచి కిందికి దిగి నేలని తాకింది, తాడు వదులైంది. పన్నెండు పౌన్లు ఒక్కసారి మెడ మీదికి తిరిగొచ్చాయి, కళ్ళు బైర్లు కమ్మాయి, గోడ పట్టుకుంది. పట్టీ అంచు కోసం కుడి చేత్తో వెతికింది. చెంప మీద ఏదో పాకుతోంది, అది తన వేళ్ళే. మానేసి, ఎడమ చేత్తో చర్రున లాగింది. నోరు తెరుచుకుంది. దవడలు టక్కుమన్నాయి. తాడు కొక్కెం మీంచి తీసి, నాన్న తలుపుని భుజంతో బయటికి తోసి, మెట్లు ఒక్కొక్కటే ఎక్కింది.

వంటింట్లో ఆర్వో గోడ ఫోన్ కుడి చెవికి నొక్కుకుని, వీపు ఇటు పెట్టి నిలబడి ఉన్నాడు. "ఔననే అందనుకుంటానండీ. కానీ మధ్యలో తలుపుంది. తలుపు అవతలినుంచి విన్నమాట మీద ముప్ఫై ఒక్కేళ్ళు ఎలా కొట్టెయ్యను చెప్పండి. కిందనుంచి రానివ్వండి, తనే చెబుతుంది." తిరిగి చూశాడు. "ఇదిగో, వచ్చింది. ముఖం మీద పట్టీ అచ్చులు పడ్డాయి, గుర్తుపట్టలేకుండా ఉంది, కానీ తనే."

ఫోన్ అందించాడు. అలవాటు ప్రకారం కుడి చెయ్యే ముందుకొచ్చింది. పట్టుకున్నాననుకుంది. ఫోన్ జారి, మెలికల తీగకి వేలాడుతూ, గోడకి కొట్టుకుంది. అడుగునుంచి డాక్టర్ హాలోరన్ గొంతు, చీమ గొంతులా, "హలో? కైసా గారూ? సోమవారం..." ఆర్వో ఒకసారి ఫోన్ వైపు చూశాడు, ఒకసారి ఆమె చేతివైపు చూశాడు. వంగి ఫోన్ తీసి, తన చేత్తోనే ఆమె చెవికి ఆనించి పట్టుకున్నాడు.

గాలి లోపలికి పీల్చింది. ఇది ఔనో నొప్పో ఫోన్లో ఆ వంతెన కింది మనిషికి తెలియదు, నోటితోనే చెప్పాలి.

"సోమవారం కాదు డాక్టరుగారూ, నేనొచ్చిన ఆఖరి మంగళవారం సంగతి వినండి," అంది. దవడ ఇంకా సరిగ్గా కదలడంలేదు, మాటలు ముద్దముద్దగా వచ్చాయి. "ఇర్మా టోలొనెన్ గారి చార్టులో నేను రాసింది అబద్ధం. ఆవిడకి చిగుళ్ళ వాపు లేదు. నేనే కోశాను. ఆవిడ చెయ్యెత్తింది. నేను చూడలేదు, నాకు తెలియలేదు. ఆవిడకి ఫోన్ చేసి తప్పు నాదని చెప్పండి. కాదు, నేనే చెబుతాను. మెకెన్నాని కూర్చోబెట్టండి."

అవతల కుర్చీ జరిగిన శబ్దం. డాక్టరు, "మీరు? మీరెలా కోస్తారు, కైసా గారూ? ఎలా జరిగింది?" అన్నాడు.

జవాబు చెప్పబోయింది. ఆర్వో ఆమె వైపే చూస్తున్నాడు, ముఖం వైపు కాదు, ముఖం పక్కకి. అప్పుడు చూసుకుంది తను కూడా. ఎడమ చెయ్యి, ఎప్పుడు లేచిందో, చెవి దాకా లేచి ఉంది.

ఆర్వో ఫోన్ పట్టుకున్న చెయ్యి కదలనివ్వకుండా, తలొక్కటీ దగ్గరికి వంచి, తనకి వినబడే చెవి ఆమె నోటి దగ్గర పెట్టాడు. ఇరవై తొమ్మిదేళ్ళలో ఆ మాట అతను అనడం ఇదే మొదలు.

"నొప్పిగా ఉందా?"

"లేదు," అంది కైసా, ఇద్దరికీ కలిపి. "ఏమీ తెలియడంలేదు. క్రిస్మస్ నుంచీ ఏమీ తెలియడంలేదు."